గులాబీ కొనకముందే మట్టి చూడండి

గులాబీలు పెంచడం మొదలుపెట్టేవాళ్ళలో చాలామంది వరస తలకిందులుగా ఉంటుంది. పువ్వు నచ్చి మొక్క కొంటారు. ఇంటికొచ్చాక కుండీ వెతుకుతారు. చూడ్డానికి బాగుంటుందని చుట్టూ తెల్ల రాళ్ళు పేరుస్తారు. కొన్ని నెలలకు లేత ఆకులు పసుపు తిరిగితే అప్పుడు మట్టి గుర్తొస్తుంది. ఆపాటికి వేర్లు పాకి ఉంటాయి. మట్టి సరిచేయాలంటే మొక్కను కదపక తప్పదు.

అందుకే ఈ వరసను తిరగేయండి. ముందు ఎండ, తర్వాత మట్టి, ఆ తర్వాతే మొక్క. అలంకరణ అన్నిటికంటే చివరి పని. అది కూడా వేర్లకు ఏం చేస్తుందో ఆలోచించి చేయాల్సిన పని. పాదు పక్కన పెట్టే రాయి, పూసే సున్నం, పోసే సిమెంటు కొద్దికొద్దిగా నీళ్ళలో కరిగి చివరికి మట్టిలోకే చేరతాయి.

ఎండ లెక్క తేల్చుకోండి

గులాబీకి రోజుకు కనీసం 6 గంటల నేరుటెండ కావాలి. నాలుగు గంటలే తగిలితే మొక్క బతుకుతుంది కానీ కొమ్మలు సన్నగా సాగుతాయి, పూలు తగ్గిపోతాయి. కళ్ళతో అంచనా వేస్తే దాదాపు ఎప్పుడూ ఎక్కువే అనుకుంటాం. ఇంట్లో ఉండే రోజు చూసుకుని, పొద్దున 8 నుంచి సాయంత్రం 4 దాకా రెండేసి గంటలకొకసారి ఆ చోటును ఫోన్‌లో ఫోటో తీయండి. నీడ ఎటు నుంచి ఎటు జరుగుతుందో స్పష్టంగా తెలిసిపోతుంది. ఋతువు మారితే నీడ కూడా మారుతుంది కాబట్టి ఎండాకాలంలో తీసిన లెక్క చలికాలానికి పనికిరాదు.

పొద్దుటి ఎండా సాయంత్రపు ఎండా రెండిట్లో ఒకటే దొరికితే పొద్దుటిదే ఎంచుకోండి. రాత్రి పడిన మంచు దాంతో త్వరగా ఆరిపోతుంది. గులాబీకి పెద్ద శత్రువైన నల్లమచ్చ తెగులు అంటుకోవాలంటే ఆకు దాదాపు 7 గంటలు ఏకధాటిగా తడిగా ఉండాలి. ఆ తడిని ఎండ ముందే ఆర్పేస్తే మందు కొట్టే పని చాలావరకు తప్పుతుంది. బాగా వేడిగా ఉండే చోట్ల మధ్యాహ్నం 2 తర్వాత కాస్త నీడ పడితే పూరేకుల అంచులు మాడవు, రంగు కూడా నిలుస్తుంది.

పెద్ద చెట్టుకు దగ్గరగా నాటొద్దు. అక్కడ నీడ కంటే కూడా కింద పాకి ఉన్న చెట్టు వేర్లే అసలు సమస్య. మీరు పోసిన నీళ్ళు, వేసిన ఎరువు ముందు అవే తాగేస్తాయి. ఇక గాలి ఆడని మూల ఉంటే అక్కడ గులాబీ పెట్టకుండా, బెంచీకి వాడుకోండి.

మట్టికి మూడు పరీక్షలు

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇదే చదవండి.

మొదటిది నీళ్ళు ఎంత వేగంగా ఇంకుతున్నాయో చూడటం. 30 సెం.మీ. లోతు, అంతే వెడల్పు గుంత తవ్వి, నిండా నీళ్ళు పోసి పూర్తిగా ఇంకిపోనివ్వండి. మళ్ళీ నింపి, గీతలు పెట్టిన కర్ర ఒకటి అందులో నిలబెట్టి గంటకు ఎంత దిగిందో చూడండి. రెండోసారి నింపాకే లెక్క పెట్టాలి, ఎందుకంటే పొడి మట్టి మొదట ఆబగా పీల్చేసి తప్పుడు లెక్క చూపిస్తుంది. గంటకు 2.5 నుంచి 7.5 సెం.మీ. దిగితే మంచి నేల. అంతకంటే తక్కువైతే వేర్ల దగ్గర నీళ్ళు నిలిచి, గాలి అందక అవి కుళ్ళిపోతాయి. 10 సెం.మీ. దాటి దిగితే నీళ్ళతో పాటు ఎరువు కూడా కిందికి జారిపోతుంది.

రెండోది సీసా పరీక్ష. పైన ఉన్న చెత్తా చెదారం పక్కకు తోసి, 15-20 సెం.మీ. లోతు నుంచి మట్టి తీయండి. గాజు సీసాలో మూడో వంతు మట్టి వేసి, మిగతాది నీళ్ళతో నింపి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చెంచా కలిపి 5 నిమిషాలు గట్టిగా కుదిపి, కదలని చోట పెట్టేయండి. ఇసుక ఒక నిమిషంలో అడుగుకు చేరుతుంది. ఒండ్రు దాని మీద పేరుకోవడానికి సుమారు 2 గంటలు పడుతుంది. బంకమట్టి తేరుకోవడానికి ఒకటి రెండు రోజులు కావాలి. పొరలను స్కేలుతో కొలిస్తే మీ నేల ఏ రకమో తెలుస్తుంది. ఇసుక 40, ఒండ్రు 40, బంక 20 పాళ్ళకు దగ్గరగా ఉంటే అది గరప నేల, గులాబీకి అంతకంటే కావాల్సింది లేదు. బంక సగం ఉంటే భయపడక్కర్లేదు. గులాబీ బంకమట్టిని బాగానే ఓర్చుకుంటుంది, నిలవ నీటిని మాత్రం ఓర్చుకోదు.

మూడోది పీహెచ్, అంటే మట్టి పులుపు (ఆమ్లం) వైపు ఉందో సున్నం (క్షారం) వైపు ఉందో చెప్పే అంకె. 7 మధ్య గీత, అంతకంటే తక్కువైతే పులుపు, ఎక్కువైతే సున్నం. గులాబీ 6 నుంచి 6.5 మధ్య హాయిగా ఉంటుంది, 7 దాకా సర్దుకుంటుంది. తోట సామాన్లమ్మే చోట దొరికే కిట్‌తో చూడొచ్చు, భూసార పరీక్ష చేసే ల్యాబ్‌కు పంపితే ఇంకా నమ్మకం. ఏదీ వీలుకాకపోతే పొడి మట్టి మీద కొంచెం వెనిగర్ పోయండి. బుస్సుమని నురగ వస్తే మట్టిలో సున్నం బాగా ఉన్నట్టు. అంకె ఎంతో ఇది చెప్పదు, ఎటువైపు ఉందో మాత్రం చెబుతుంది.

పీహెచ్ గురించి ఇంత పట్టింపు ఎందుకంటే, అది 7 దాటేకొద్దీ మట్టిలో ఉన్న ఇనుము కరగని రూపంలోకి మారిపోతుంది. ఇనుము అక్కడే ఉన్నా వేరు తాగలేదు. అప్పుడు లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి, ఈనెల మధ్య భాగం పసుపు తిరుగుతుంది. చాలామంది దీన్ని నత్రజని లోపం అనుకుని యూరియా వేస్తారు. తేడా తెలుసుకోవడం తేలిక. నత్రజని తగ్గితే కింది ముదురు ఆకులు మొత్తంగా పసుపు అవుతాయి. ఇనుము అందకపోతే పై చిగుళ్ళలో మొదలవుతుంది. కింది ముదురు ఆకుల్లోనే ఈనెల మధ్య పసుపు కనిపిస్తే అది మెగ్నీషియం తక్కువైన గుర్తు.

మట్టిని సరిచేయడం

ఇసుక నేలకూ బంక నేలకూ మొదటి మందు ఒకటే, బాగా మాగిన సేంద్రియ ఎరువు. ఆకుల కంపోస్ట్ అయినా, వానపాముల ఎరువైనా, చివికిన పశువుల ఎరువైనా పరవాలేదు. నేల మీద 5 నుంచి 8 సెం.మీ. మందాన పరిచి, 30 సెం.మీ. లోతు దాకా మట్టితో కలిపేయండి. ఇసుకలో అది తడిని పట్టి ఉంచుతుంది, బంకలో మట్టి రేణువులను గుల్లగా విడదీస్తుంది. పచ్చి పేడ మాత్రం వద్దు. అందులోని అమ్మోనియా, లవణాలు లేత వేర్లను కాలుస్తాయి, పైగా కలుపు విత్తనాలు వెంట వస్తాయి. మాగిన ఎరువుకు పేడ వాసన ఉండదు, చేతిలో పట్టుకుంటే వేడి తగలదు.

బంకమట్టి తడిగా ఉన్నప్పుడు పార పెట్టకండి. గుప్పెడు మట్టి పిసికి ముద్ద చేసి బొటనవేలితో నొక్కండి. పొడిగా విడిపోతే తవ్వొచ్చు, మైనంలా అణిగిపోతే ఇంకో రెండు మూడు రోజులు ఆగాలి. తడి బంకను తవ్వితే గడ్డలు కట్టి ఆరాక ఇటుకలవుతాయి.

బంక నేల వదులవ్వాలంటే ఇసుక కలపమని తోటవాళ్ళు ఒకరికొకరు చెప్పుకుంటూ ఉంటారు. దయచేసి ఆ సలహా పాటించకండి. మట్టిలో సగానికి పైగా ఇసుక ఉంటే తప్ప దాని గుణం మారదు. కొద్దిగా కలిపితే ఇసుక రేణువుల సందుల్లో బంక దూరి నేల ఇంకా గట్టిపడుతుంది. జిప్సం కూడా అంతే. సోడియం ఎక్కువున్న చౌడు నేలకు అది మంచి మందు, మామూలు బంక నేలకు పెద్దగా ఒరిగేదేమీ లేదు. నీళ్ళు అసలు ఇంకని చోట నేలతో కుస్తీ పట్టేకంటే 25-30 సెం.మీ. ఎత్తు మడి కట్టి అందులో నాటడం సులువు.

పీహెచ్ ఎక్కువగా ఉంటే గంధకం పొడి వేస్తారు. మట్టిలోని బ్యాక్టీరియా దాన్ని మెల్లగా ఆమ్లంగా మారుస్తుంది, అందుకు నెలలు పడుతుంది, మట్టి వెచ్చగా తడిగా ఉండాలి. వెనిగర్ వేస్తే బాగా నురగ వచ్చిన నేలలో మాత్రం గంధకం వేసినా నిలవదు. అక్కడున్న సున్నం ఆ ఆమ్లాన్ని ఎప్పటికప్పుడు తినేస్తుంది. అలాంటి చోట ఎత్తు మడి గానీ కుండీ గానీ నయం. తక్షణం ఆకులు పచ్చబడాలంటే ఐరన్ చీలేట్, అంటే వేరు తాగగలిగే రూపంలో ఉండే ఇనుము, వాడొచ్చు. కొనేటప్పుడు ఈడీడీహెచ్‌ఏ రకమేనా అని అడగండి, ఎందుకంటే మామూలు ఈడీటీఏ రకం సున్నపు నేలలో ఎక్కువసేపు పనిచేయదు.

ఇంతకుముందు చాలా ఏళ్ళు గులాబీ ఉండి, చచ్చిపోయిన చోటే మళ్ళీ గులాబీ పెట్టాలనుకుంటే, 45 సెం.మీ. లోతు, అంతే వెడల్పు మట్టి తీసి వేరే చోటి మట్టితో నింపండి. గులాబీ తర్వాత గులాబీ నాటితే కొత్త మొక్క ఏళ్ళ తరబడి ఎదగక మొండికేయడం తోటవాళ్ళకు బాగా తెలిసిన విషయం. తీసిన మట్టి పారేయక్కర్లేదు, వేరే పూల మొక్కలకు అది బాగానే పనిచేస్తుంది.

కుండీలో పెంచేవాళ్ళకు

మినీ గులాబీకి 20-25 సెం.మీ. కుండీ చాలు. పెద్ద పూల రకాలకు 40 సెం.మీ. వెడల్పు, అంతే లోతు ఉండాలి. మేడ మీద పెడుతుంటే బరువు లెక్క కూడా చూసుకోండి, తడి మట్టి నిండిన 20 లీటర్ల కుండీ 25 కిలోలు దాటొచ్చు.

మిశ్రమం ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. నేను నమ్మేది 2 పాళ్ళు మంచి తోట మట్టి, 2 పాళ్ళు కంపోస్ట్, 1 పాలు కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) లేదా పెర్లైట్ (తేలికైన తెల్ల గుళికలు). కోకోపీట్‌లో ఉప్పు ఉండొచ్చు. నీళ్ళలో నానబెట్టి పిండి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ అదే పని ఒకటి రెండుసార్లు చేశాక వాడండి.

కుండీ అడుగున గులకరాళ్ళు పోస్తే నీళ్ళు బాగా దిగుతాయన్నది ఎంత ప్రచారంలో ఉందో అంత తప్పు. తడి స్పాంజీని రాళ్ళ మీద పెడితే అందులోని నీళ్ళు కారిపోవు, పిండేదాకా దాన్లోనే ఉంటాయి. మట్టి కూడా అలాగే పూర్తిగా నానితేనే కింది రాళ్ళలోకి నీళ్ళు వదులుతుంది. అంటే రాళ్ళు పోసినంత ఎత్తు ఆ బురద పొర పైకి జరిగి వేర్లకు ఇంకా దగ్గరవుతుంది. రంధ్రం మీద మట్టి జారకుండా చిన్న నెట్ ముక్క వేసి, పైదాకా ఒకే మిశ్రమం నింపండి. రంధ్రాలు మాత్రం మూడు నాలుగు ఉండాలి, కుండీ కింద ఇటుక ముక్కలు పెట్టి నేల నుంచి కాస్త పైకి లేపాలి.

మొక్క ఎంచుకోవడం

పువ్వు చూసి కాకుండా అవసరం చూసి ఎంచుకోండి. పొడవాటి కాడకు ఒక్కటే పెద్ద పువ్వు కావాలంటే హైబ్రిడ్ టీ. ఈ తరగతికి మొదటిదిగా 1867 నాటి లా ఫ్రాన్స్ అనే రకాన్ని చెబుతారు. ఎక్కువ పూలు గుత్తులుగా, తోట ఎప్పుడూ నిండుగా కనిపించాలంటే ఫ్లోరిబండా. నా ఓటు దానికే. కొత్తవాళ్ళు హైబ్రిడ్ టీతో మొదలుపెట్టి నిరాశపడటం కంటే ఫ్లోరిబండాతో మొదలుపెడితే ఉత్సాహం నిలుస్తుంది. గోడలకు, పందిళ్ళకు తీగ గులాబీలు. పాతకాలపు సువాసన రకాల్లో చాలావరకు ఏడాదికి ఒక్క విడతే పూస్తాయి, ఆ సంగతి తెలిసే కొనండి. మళ్ళీ మళ్ళీ పూసే గుణం ఆధునిక గులాబీలకు వచ్చింది 18వ శతాబ్దం చివర్లో యూరప్ చేరిన చైనా గులాబీల నుంచే.

నర్సరీలో పూలు తక్కువగా, కొమ్మలు బలంగా ఉన్న మొక్కనే తీసుకోండి. అంటు, అంటే కింది అడవి గులాబీ వేరుకు పై రకాన్ని అతికించిన ముడి, దగ్గర నుంచి పెన్సిల్ మందం కొమ్మలు కనీసం మూడు రావాలి. ఆకులు తిప్పి అడుగు భాగం చూడండి. సన్నని బూజు దారాలు, చుక్కలు ఉంటే ఎర్రనల్లిని (ఆకు రసం పీల్చే సన్నని పురుగు) ఇంటికి తెచ్చుకుంటున్నట్టే. కుండీ అడుగు నుంచి వేర్లు గుంపుగా బయటికి వచ్చి ఉంటే ఆ మొక్క అందులో చాలాకాలంగా ఇరుక్కుని ఉంది.

నాటడం

మొక్క ఉన్న కవర్‌ను ముందే తడిపి పెట్టండి. మట్టి లేకుండా ఉత్త వేర్లతో వచ్చిన మొక్కయితే కొన్ని గంటలు నీళ్ళలో నాననివ్వండి. గుంత 45 సెం.మీ. లోతు, అంతే వెడల్పు చాలు. వేర్లు కుండీ ఆకారంలో గుండ్రంగా చుట్టుకుని ఉంటే వేళ్ళతో విడదీయండి, లేకపోతే నేలలో కూడా అదే గుండ్రంలో తిరుగుతాయి.

అంటు ముడి ఎక్కడ ఉండాలన్నది మీ చలిని బట్టి ఉంటుంది. నేల గడ్డకట్టే చలి ఉన్న చోట ముడిని మట్టికి 3-5 సెం.మీ. కిందికి దించుతారు, చలికి అది చావకుండా. గడ్డకట్టని చోట ముడి మట్టికి 3-5 సెం.మీ. పైనే ఉండాలి. పూడ్చాక కాలితో తొక్కకండి. నీళ్ళు పోస్తే మట్టి తనంతట తానే సర్దుకుంటుంది, ఎక్కడైనా కుంగితే ఇంకొంచెం వేయండి. గుంతలో రసాయన ఎరువు వేయొద్దు. హైబ్రిడ్ టీలకూ ఫ్లోరిబండాలకూ మొక్కకు మొక్కకు 60-75 సెం.మీ. ఎడం వదలండి. ఇప్పుడు ఖాళీగా అనిపిస్తుంది. ఏడాది తర్వాత ఆ ఖాళీ నుంచే గాలి ఆడుతుంది.

నీళ్ళు, పై కప్పు, ఎరువు

రోజూ పైపైన చిలకరించేకంటే ఎడం ఇచ్చి ఒకేసారి పాదు నిండా పోయడం మేలు. ఎన్ని రోజులకొకసారి అన్నదానికి ఏ అంకె చెప్పినా అబద్ధమే అవుతుంది. వేలు 5 సెం.మీ. లోపలికి దించండి, అక్కడ పొడిగా ఉంటే పోయండి. కుండీలకు వేసవిలో రోజూ అవసరం పడొచ్చు. ఆకుల మీద పడకుండా కాండం మొదట్లోనే, వీలైతే పొద్దున్నే పోయాలి.

పాదులో ఎండుటాకులు, చెక్కపొట్టు, గడ్డి లాంటివి 5-7 సెం.మీ. మందాన పరిస్తే తడి నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది, నీళ్ళు పోసినప్పుడు మట్టి ఎగిరి ఆకుల మీద పడదు. కాండానికి మాత్రం అంగుళం, రెండంగుళాల ఎడం ఉంచండి.

కొత్త మొక్క చిగుళ్ళు వేసి కుదురుకునేదాకా, అంటే సుమారు నెల నుంచి నెలన్నర, రసాయన ఎరువు ఊసెత్తకండి. తర్వాత ఎదుగుదల ఉన్న కాలంలో 3-4 వారాలకొకసారి కొద్దికొద్దిగా వేస్తే చాలు. వేసే ముందు మట్టి తడిగా ఉండాలి. నత్రజని ఎక్కువైతే ఆకులు ఏపుగా వస్తాయి, పూలు రావు, ఆ మెత్తని చిగుళ్ళ కోసం పేనుబంక (రసం పీల్చే చిన్న పురుగులు) గుంపులుగా దిగుతుంది. పూల కోసమని భాస్వరం గుప్పించడం కూడా నష్టమే, అది ఎక్కువైతే ఇనుము అందకుండా పోతుంది. కుండీ అంచున తెల్లగా ఉప్పు పేరుకుంటే ఎరువు ఎక్కువైందని అర్థం. కింది నుంచి ధారగా కారేదాకా మంచినీళ్ళు పోసి కడిగేయండి.

ఇక వంటింటి చిట్కాలు. కోడిగుడ్డు పెంకులు కరగడానికి ఏళ్ళు పడుతుంది. కరిగినా అది సున్నమే కాబట్టి పీహెచ్ ఎక్కువున్న నేలలో అక్కర్లేదు. అరటి తొక్కలో పొటాషియం ఉన్న మాట నిజం, కానీ పచ్చిగా పాతితే ఈగలూ ఎలుకలూ వస్తాయి, కంపోస్ట్ కుప్పలో వేయండి. వాడేసిన కాఫీ పొడి మట్టిని పుల్లబరుస్తుందంటారు. కాచాక దాన్లో ఆమ్లం పెద్దగా మిగలదు, పాదులో మందంగా పోస్తే పైన చెక్క కట్టి నీళ్ళను లోపలికి పోనివ్వదు. తుప్పు పట్టిన మేకులు పాతితే ఇనుము అందుతుందనేది వట్టి మాట, తుప్పు కరగదు. ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) మెగ్నీషియం లోపం ఉంటేనే పనిచేస్తుంది, లేనప్పుడు వేస్తే ఇంకో లవణం పోసినట్టే. కట్టెల బూడిద పీహెచ్‌ను పెంచుతుంది కాబట్టి ఆమ్ల నేలకు మాత్రమే, అదీ చిటికెడు. వీటన్నిటినీ కంపోస్ట్ కుప్పలో కలిపి మాగనిస్తే గొడవే లేదు.

కత్తిరింపు

కత్తెర చూసి చేయి వణికేవాళ్ళు చాలామంది ఉంటారు. ధైర్యంగా కత్తిరించండి, బలమైన గులాబీ కత్తిరింపుకు చావడం చాలా అరుదు.

చలి ప్రాంతాల్లో చలి తగ్గుతూ కొమ్మల మీద కళ్ళు (చిగురు పుట్టే చోట్లు) ఉబ్బే సమయంలో, వేడి ప్రాంతాల్లో వానలు వెనకబడి చల్లదనం మొదలయ్యేటప్పుడు పెద్ద కత్తిరింపు చేయాలి. ముందు ఎండినవి, తెగులు పట్టినవి, ఒకదానికొకటి రాసుకునేవి మొదటికి తీసేయండి. ఆ తర్వాత గిన్నె ఆకారంలో, మధ్య ఖాళీగా, 4-5 బలమైన కొమ్మలు మిగలాలి. వాటిని మూడో వంతు నుంచి సగం దాకా తగ్గించండి. బయటి వైపు చూస్తున్న కన్నుకు అర సెంటీమీటరు పైన, కన్నుకు అవతలి వైపు వాలేట్టు కోయాలి. కోసిన చోట మధ్య బెండు తెల్లగా ఉంటే ఆరోగ్యం. గోధుమ రంగులో ఉంటే అది కొమ్మ ఎండు తెగులు, తెల్ల బెండు కనిపించేదాకా ఇంకా కిందికి కోస్తూ పోండి. మొక్కకూ మొక్కకూ మధ్య కత్తెరను 70 శాతం ఆల్కహాల్‌తో తుడవండి.

ఏడాదికి ఒకేసారి పూసే రకాలకు ఈ లెక్క వర్తించదు. అవి పాత కొమ్మల మీదే పూస్తాయి. పూత అయిపోయాక కత్తిరించాలి, ముందే కోస్తే ఆ ఏడు పూలు ఉండవు.

వాడిన పువ్వును ఉత్త తొడిమతో తుంచకుండా, ఐదు రెక్కల ఆకు దాకా దిగి దాని పైన కోయండి. బలమైన చిగురు అక్కడి నుంచి వస్తుంది. రకాన్ని బట్టి 6 నుంచి 8 వారాల్లో తిరిగి పూలొస్తాయి. మొక్క చిన్నదైతే, బలహీనంగా ఉంటే అంత కిందికి పోవద్దు, ఆకులే దానికి ఆస్తి.

అంటు ముడి కింద నుంచి జోరుగా ఒక రెమ్మ లేస్తే సంబరపడకండి. అది కింది అడవి గులాబీది, వదిలేస్తే పై మొక్కను మింగేస్తుంది. ఏడు రెక్కల ఆకులుంటే అడవిదని అంటారు, అది ప్రతిసారీ నిజం కాదు. మట్టి తోసి, ఎక్కడి నుంచి పుట్టిందో చూడండి. ముడి కింద నుంచైతే కత్తెరతో కాకుండా వేరు దగ్గర పట్టుకుని లాగేయండి, కోస్తే మళ్ళీ మొలుస్తుంది.

పురుగులు, తెగుళ్ళు

పేనుబంకకు, ఎర్రనల్లికి మొదటి మందు నీటి ధార. పైపుతో ఆకుల అడుగున గట్టిగా, పొద్దున పూట కొట్టండి. ఎండలో ఆకులు త్వరగా ఆరిపోతాయి. ఎర్రనల్లి వేడికీ పొడి గాలికీ చెలరేగుతుంది కాబట్టి వేసవిలో వారానికి రెండుసార్లయినా ఆకులు తిప్పి చూడండి. తగ్గకపోతే లీటరు నీళ్ళకు 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయొచ్చు, మండుటెండలో కొడితే ఆకులు మాడతాయి. అక్షింతల పురుగులు (లేడీబర్డ్) తిరుగుతుంటే కొన్నాళ్ళు ఏదీ కొట్టకుండా ఆగండి, పేనుబంక పని అవే చూసుకుంటాయి. మొగ్గలు విచ్చుకోకుండా అంచులు గోధుమ రంగులో ముడుచుకుంటే తామర పురుగుల పని. ఆ మొగ్గలు కోసి కవర్లో కట్టి పారేయడమే ఉత్తమం.

నల్లమచ్చ వచ్చిన ఆకులు రాలినవి కూడా ఏరి తీసేయాలి, తెగులు వాటి మీదే కాచుకుని ఉంటుంది. వాటిని ఇంటి కంపోస్ట్‌లో వేయకండి. బూడిద తెగులు కాస్త వేరే రకం, దానికి ఆకు తడి అక్కర్లేదు. పగలు వెచ్చగా, రాత్రి చల్లగా, గాలిలో తేమ ఉంటే చాలు. తొలి దశలో ఒక వంతు పాలకు తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి ఎండ ఉన్నప్పుడు కొడితే చాలామందికి తగ్గుతుంది, ముదిరాక పనిచేయదు.

ఇప్పుడు అలంకరణ

మొక్కలు కుదురుకున్నాయి, ఎంత వెడల్పు పెరుగుతాయో తెలిసింది. ఇక అలంకరణకు దిగండి.

దారితో మొదలుపెట్టండి. ఒక మనిషి చేతిలో తొట్టె పట్టుకుని నడవాలంటే 90 సెం.మీ., ఇద్దరు పక్కపక్కన నడవాలంటే 120 సెం.మీ. ఉండాలి. గులాబీ కొమ్మలు ముళ్ళతో దారిలోకి వంగుతాయి కాబట్టి ఆ కొలత మొక్క అంచు నుంచి లెక్కపెట్టండి, కాండం నుంచి కాదు.

మడి అంచుకు ఇటుకలు, రాళ్ళు, చెక్క ఏవైనా వాడొచ్చు. కానీ వాటికి సున్నం కొట్టే అలవాటు గులాబీ దగ్గర వదిలేయండి. ప్రతి వానకూ ఆ సున్నం పాదులోకి దిగి, మీరు కష్టపడి దించిన పీహెచ్‌ను మళ్ళీ ఎక్కిస్తుంది. పాలరాతి చిప్స్‌తో కూడా ఇదే ఇబ్బంది, పాలరాయి సున్నపురాయి జాతే. తెల్లదనమే కావాలంటే క్వార్ట్జ్ గులకరాళ్ళు వాడండి, అవి మట్టితో పేచీ పెట్టుకోవు. అయినా మండే ఎండలో తెల్ల రాళ్ళు వెలుతురునూ వేడినీ కింది ఆకుల మీదికి తిప్పి కొడతాయి కనుక వాటిని దారి మీద పరచి, పాదులో ఆకులే ఉంచడం నా పద్ధతి. కొత్త సిమెంటు కుండీ, సిమెంటు బొమ్మలాంటివి తెస్తే రెండు మూడు వారాలు నీళ్ళలో నానబెట్టి, నీళ్ళు మారుస్తూ ఉండండి. మట్టి కుండీలు త్వరగా ఆరిపోతాయి, నల్ల ప్లాస్టిక్ కుండీలు ఎండకు వేడెక్కి వేర్లను ఉడికిస్తాయి. నల్లవే ఉంటే బయట లేత రంగు వేయండి, లేదా పెద్ద కుండీలో దూర్చి పెట్టండి.

చూపు నిలిచే వస్తువు తోటకు ఒకటి చాలు. పెద్ద కుండీయో, బెంచీయో, బొమ్మో, ఒక్కటి. మూలమూలనా బొమ్మలు పెడితే గులాబీని ఎవరూ చూడరు. పూల రంగులు ముదురుగా ఉన్న చోట వస్తువు రంగు అణిగి ఉండాలి. గులాబీ కింద ఖాళీని చిన్న మొక్కలతో నింపాలనుకుంటే కాండం చుట్టూ 30 సెం.మీ. వదిలి, వేర్లు లోతుగా పోనివి, పొట్టిగా ఉండేవి పెట్టండి. గులాబీ అడుగున గాలి ఆడకపోతే పైన చెప్పిన తెగుళ్ళన్నీ తిరిగొస్తాయి.

పక్షులకు నీళ్ళ పళ్ళెం పెడితే అది అందమే కాదు, పురుగులు తినే పక్షులు కూడా వస్తాయి. లోతు 5 సెం.మీ. మించకూడదు, రెండు రోజులకొకసారి నీళ్ళు మార్చకపోతే దోమలు పుడతాయి. తోట పెద్దగా కనిపించాలని గోడకు అద్దాలు పెట్టకండి, పక్షులు వచ్చి ఢీకొంటాయి. సోలార్ దీపాలు దారి పక్కన పెట్టండి, మొక్కల మధ్య గుచ్చితే వేర్లు తెగుతాయి, పాదులో పరిచిన ఆకులు మార్చేటప్పుడు ప్రతిసారీ పీకాల్సి వస్తుంది.

తీగ గులాబీకి గోడ మీద కట్టే అల్లిక గోడకు ఆనకుండా 7-8 సెం.మీ. ఎడం ఉండాలి. ఆ సందులో గాలి ఆడుతుంది, కొమ్మలు కట్టడానికి చేయి దూరుతుంది. కొమ్మలను నిలువుగా పైకి పోనిస్తే కొనన మాత్రమే పూస్తాయి. లేతగా ఉన్నప్పుడే పక్కకు వంచి, అడ్డంగా కట్టండి. కొనకున్న ఆధిపత్యం పోయి, కొమ్మ పొడవునా ప్రతి కన్ను నుంచీ రెమ్మ లేచి పూస్తుంది. కట్టడానికి ఇనుప తీగ వద్దు, మెత్తని గుడ్డ పేలికనో రబ్బరు పట్టీనో ఎనిమిది అంకెలా మెలిపెట్టి వదులుగా కట్టండి. కొమ్మ ఏటా లావెక్కుతుంది కాబట్టి పెద్ద కత్తిరింపు రోజునే పాత కట్లన్నీ విప్పి కొత్తవి కట్టేయండి.